చారుదత్తుడు పూర్తిచేయని వాక్యము

ఈ సంచికకు ఏదైన నొక వ్యాసము వ్రాయుడని కార్యవర్గమువారు కోరినపుడు మేము కొంత సంకోచించితిమి. మేము పండితులము కాము. మా చదువు మెట్రిక్యులేషనుతో ముగిసినది. సంస్కృతము మేము కూడబలుకుకొని చదువుకొన్నదే గాని గురుముఖమున నేర్చినది కాదు. అయినను ముప్పది యేండ్లకు పైగా బెంగుళూరు కోర్టు కచేరీలో గుమాస్తాగా ఉండి, ఇతరుల నోటి మాటలను కాగితముపై నెక్కించుటయే జీవనముగా బ్రతికినవారము. ఆ అనుభవము వలన, ఒక ప్రసిద్ధ నాటకములోని ఒక ఘట్టమును గూర్చి మాకు కలిగిన అభిప్రాయమును చెప్పుకొనుటకు మాకును కొంత అధికారము కలదని తలచుచున్నాము.

గత సంవత్సరము మన నగరములోని తెలుగు యువకులు కొందరు శూద్రకుని మృచ్ఛకటికమును కుదించి రెండు గంటల నాటకముగా ప్రదర్శించిరి. దుస్తులు బాగుండెను. వసంతసేన పాత్ర ధరించిన అమ్మాయి కన్నడ మాధ్యమములో చదువుకొన్నదైనను తెలుగు ఉచ్చారణలో ఎక్కడను తడబడలేదు. అందులకు ఆమె తల్లిదండ్రులను అభినందింపవలెను. శకారుడు నవ్వించెను. ఇక న్యాయస్థాన ఘట్టము వచ్చినది. చారుదత్త పాత్రధారి తాను నిర్దోషినని మొదట మూడు పర్యాయములు పలికి, నగల మూట నేలబడగానే రెండు చేతులు పైకెత్తి, “ఔను, నేనే చంపితిని! నన్ను శూలమున కెక్కింపుడు!” అని గర్జించెను. సభ చప్పట్లతో మారుమ్రోగెను. మా ప్రక్కన కూర్చున్న పెద్దమనిషి కన్నులు తుడుచుకొనెను. మేము మాత్రము కుర్చీలో ఇబ్బందిగా కదలితిమి. ఏలయన, శూద్రకుని చారుదత్తుడు ఆ మాట అనలేదు. అనకపోవుటలోనే ఆ ఘట్టమంతయు ఇమిడియున్నది.

కథ చాలమందికి తెలిసినదే. తిరుపతి వేంకటకవులు దీనిని తెలిగించిరి. 1967లో బి. ఎస్. రంగాగారి దర్శకత్వమున అక్కినేని నాగేశ్వరరావుగారు చారుదత్తుడుగా వసంతసేన చలనచిత్రము వచ్చినది. 1984లో గిరీశ్ కర్నాడుగారు హిందీలో ఉత్సవ్ అను పేర దీనినే చిత్రముగా తీసిరి. కావున కథను క్లుప్తముగా గుర్తుచేసెదము. ఉజ్జయినిలో దానధర్మములచేత దరిద్రుడైన బ్రాహ్మణుడు చారుదత్తుడు. గణిక వసంతసేన ఆయనను ప్రేమించినది. రాజుగారి బావమరిది శకారుడు ఆమెను వెంటాడెను. బండ్లు తారుమారై, చారుదత్తుని బండి ఎక్కవలసిన వసంతసేన శకారుని బండి ఎక్కినది. చెరనుండి తప్పించుకొన్న ఆర్యకుడు చారుదత్తుని బండి ఎక్కెను. ఉద్యానమునందు శకారుడు వసంతసేన గొంతు నులిమి, చచ్చినదని తలచి, ఆకులు కప్పి, నేరుగా న్యాయస్థానమునకు పోయి చారుదత్తుడు చంపెనని ఫిర్యాదు చేసెను. ఇక్కడినుండి తొమ్మిదవ అంకము.

ఈ అంకమును మేము ఎన్ని పర్యాయములు చదివితిమో లెక్క లేదు. న్యాయాధికారి ప్రవేశించుచునే, ఇతరుల మనస్సులోనిది కనుగొనుట ఎంత కష్టమో, వచ్చువారు నిజమును ఎట్లు దాచిపెట్టుదురో చెప్పుకొని బరువుగా నిట్టూర్చును. ఆయన ప్రక్కన శ్రేష్ఠి యొకడు, కాయస్థుడు ఒకడు కూర్చుందురు. కాయస్థుడనగా గుమాస్తా. మా వంటివాడు. ఆయనకు పేరు లేదు. ఆయన మాటలు తక్కువ. అయినను నాటకమంతటిలో నిజము మొట్టమొదట వ్రాతకెక్కినది ఆయన చేతి మీదుగనే. శకారుడు తన ఫిర్యాదు చెప్పుచు, వసంతసేన చంపబడినదని చెప్పి, ఎవరును అడుగకముందే “నాచేత గాదు” అను అర్థము వచ్చు మాట జారవిడిచి నోరు మూసికొనును. న్యాయాధికారి వెంటనే ఆ మాటను మొదటి అంశముగా వ్రాయుమని ఆజ్ఞాపించును. కాయస్థుడు వ్రాయును. శకారుడు తన పొరపాటు గ్రహించి, ఆ వ్రాతను కాలితో తుడిచివేసి, తాను అన్నది వేరని బుకాయించును. ప్రేక్షకులు ఇక్కడ నవ్వుదురు. కోర్టు కచేరీలో పనిచేసినవానికి నవ్వు రాదు. హంతకుడు తనంతట తాను పలికిన మాట దస్తావేజులోనుండి చెరిగిపోయినది. నిరపరాధి పలుకని మాట కొద్దిసేపటిలో దస్తావేజులోనికి ఎక్కబోవుచున్నది. ఈ రెంటి నడుమ కాయస్థుడు కలము పట్టుకొని కూర్చున్నాడు. మన యువకుల ప్రదర్శనమున కాయస్థ పాత్రను కాలాభావముచేత తీసివేసిరి.

ఇప్పుడు చారుదత్తుడు ఎట్లు మెట్టుమెట్టుగా దిగజారెనో చూడవలెను. ఆయనను పిలిపించినపుడు న్యాయాధికారి ఆ ముఖము చూచి, ఇట్టివాడు హత్య చేయునా అని సందేహించి ఆసనము ఇప్పించును. వసంతసేనతో స్నేహము కలదా అని అడుగగా ఈ మనిషి సిగ్గుపడును. నలుగురిలో గణికతో స్నేహమును ఒప్పుకొనలేక నీళ్లు నములును. కోర్టులో మొదటి తడబాటు ఎప్పుడును నేరము వలన రాదు, సిగ్గు వలన వచ్చును. కాని చూచువారికి రెండును ఒక్క తీరుననే కనబడును. ఆమె ఎక్కడికి పోయినదనగా ఇంటికి పోయినదనును. ఎట్లు పోయినది, ఎవరు తోడుపోయిరి అనగా చెప్పలేడు. అంతలో వీరకుడను కావలివాడు వేరొక జగడమును గూర్చి ఫిర్యాదు చేయవచ్చి, చారుదత్తుని బండి వసంతసేనతో ఉద్యానమునకు పోవుచుండగా చూచితినని చెప్పును. ఆ బండిలో నిజముగా ఉన్నది ఆర్యకుడు. చారుదత్తుడే అతని సంకెల విప్పించి పంపివేసెను. ఆ సంగతి చెప్పినచో తనపై పడిన అనుమానము కొంత తొలగును. కాని శరణాగతుని జాడ రాజునకు తెలియును. చారుదత్తుడు నోరు మెదపడు. వ్యాఖ్యాతలు ఈ మౌనమునకు తగిన ప్రాధాన్యము ఇచ్చినట్లు మాకు తోచదు. తన్ను రక్షింపగల నిజము ఇంకొకని ప్రాణమును తీయునదైనపుడు ముద్దాయి ఏమి చేయును? ఊరకుండును. ఊరకుండినవానిని లోకము దోషి యనును.

వీరకుని ఉద్యానమునకు పంపి చూడగా అక్కడ ఎవరో ఒక స్త్రీ శవము కనబడినది. ఆపైన మైత్రేయుడు వచ్చెను. చారుదత్తుని చిన్న కొడుకు మట్టిబండి వలదు, బంగారు బండి కావలెనని ఏడ్చినపుడు వసంతసేన తన నగలు తీసి ఆ బండిలో నింపినది; వానిని ఆమెకు తిరిగి ఇచ్చి రమ్మని చారుదత్తుడు పంపగా మైత్రేయుడు వానిని చంకలో పెట్టుకొని పోవుచు, దారిలో స్నేహితుని మీది ఫిర్యాదు విని ఇటు పరుగెత్తుకొని వచ్చెను. శకారునితో కలియబడగా చంకలోని నగలు నలుగురి యెదుట నేలబడెను. వాత్సల్యమునకు గుర్తు హత్యకు సాక్ష్యమైనది. నాటకమునకు పేరు తెచ్చిన మట్టిబండియే యజమానుని వధ్యశిలకు లాగుకొనిపోవుచున్నది. ఇంతటి కల్పన చేసిన కవికి నమస్కరింపక తప్పదు.

అప్పుడు న్యాయాధికారి నిజము చెప్పుము, లేకున్న కొరడా దెబ్బలు పడునని హెచ్చరించును. మంచివాడైన న్యాయాధికారియే ఈ మాట అనుచున్నాడని గమనింపవలెను. చారుదత్తుడు తాను పాపము చేసినవాడను గానని ఒకసారి చెప్పును. చేసితినని మీరే తలచిన తరువాత నేను చేయకపోయి ఏమి ప్రయోజనమని నిరాశపడును. వసంతసేన లేని బ్రతుకు తనకు పనిలేదని లోలోపల అనుకొనును. తరువాత పైకి, ఇహపరములు ఎరుగని క్రూరుడనైన నాచేత, రతీదేవి వంటి ఆ స్త్రీ అని మొదలుపెట్టి, క్రియాపదము దగ్గరకు వచ్చి ఆగిపోవును. మిగిలినది ఇతడు చెప్పునని శకారుని చూపును. శకారుడు చంపబడినదని వాక్యము పూర్తిచేసి, నీవును నీ నోట అనుమని ఒత్తిడి చేయును. నీవే అంటివి గదా అని చారుదత్తుడు ఊరకుండును. అంతే. ఇదియే ఆయన నేరాంగీకారము.

చూచితిరా! కర్త ఉన్నాడు, కర్మ ఉన్నది, క్రియ లేదు. క్రియను చేసినవాడే క్రియాపదమును పలికినాడు. వ్యాకరణముతో ఇంత న్యాయము చెప్పిన కవి మరియొకడు మాకు తెలియదు. దీనిని ఊడబెరికి, ఆ స్థానమున ఒక గర్జనము పెట్టినచో చప్పట్లు వచ్చును, నాటకము పోవును.

ఈ అంగీకారము ప్రేమచేత పుట్టినదని చెప్పువారు కలరు. ప్రియురాలు పోయినది గనుక తానును చావగోరెను, ఇది శృంగారమునకు పరాకాష్ఠ యని వారి వాదము. మేము పూర్తిగా కాదనము. కాని అది ఒక్కటే యైనచో అది మొదటనే చెప్పియుండును. అంతవరకు విచారణకు నిలువనేల? ఆయన మాట మార్చుకొన్నది నగలు పడిన తరువాత, కొరడా పేరు విన్న తరువాత, తన్ను నమ్మగోరిన న్యాయాధికారియే ఇక నమ్మజాలడని తెలిసిన తరువాత. సిగ్గు కొంత, ఆర్యకుని రహస్యము కొంత, దరిద్రుని మాట చెల్లదను చిరకాలపు అనుభవము కొంత, ప్రియావియోగము కొంత. ఇన్ని కలిసిన పిమ్మట ఒక మనిషి నేను చేయలేదని చెప్పుట మానివేయును. చెప్పుట మానివేయుట వేరు, చేసితినని చెప్పుట వేరు. మా వృత్తిలో ఈ రెంటికిని నడుమ ఒక మనిషి ఆయుస్సు ఉండును.

కోర్టు సంగతులు ఎరుగని పాఠకులకొరకు కొంచెము వివరింపవలసియున్నది. మన దేశమున సెషన్సు కోర్టులో హత్యకేసు విచారణ మొదలగునపుడు ఛార్జి చదివి వినిపించి, బోధపరచి, నేరము ఒప్పుకొందువా, విచారణ కోరుదువా అని ముద్దాయిని అడుగుదురు. మేము ఉద్యోగములో నున్నంత కాలము ఇది 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు 228, 229 సెక్షనుల ప్రకారము జరిగెడిది. 2024 జూలై 1 నుండి దాని స్థానమున భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చినను పద్ధతి అదియే. ఒప్పుకొన్నచో జడ్జి దానిని నమోదు చేయవలెను. దానినిబట్టి శిక్ష వేయుట మాత్రము ఆయన విచక్షణకు వదలిరి. మరణశిక్ష గాని యావజ్జీవము గాని తప్పని హత్యకేసులలో ఒట్టి ఒప్పుకోలు మీద శిక్ష వేయక, సాక్ష్యము పూర్తిగా విని తీర్పు చెప్పుటయే బ్రిటిషువారి నాటినుండి జడ్జీలు జాగ్రత్తగా పాటించుచు వచ్చిన సంప్రదాయము. దీనికి కారణమున్నది. హత్య యను మాటలో చేసిన పనియే గాక, చేసినవాని మనస్సు కూడ చేరియున్నది. పాత శిక్షాస్మృతి 300వ సెక్షనునకు ఐదు మినహాయింపులు కలవు. కర్రతో కొట్టితిని, చచ్చెను, అని చెప్పగలవాడు అది హత్యయా, అంతకు తక్కువ నేరమా అని చెప్పలేడు. అది చెప్పుటకు జడ్జికే పుస్తకములు కావలెను.

అమెరికా దేశపు పద్ధతి వేరు. అక్కడ ముద్దాయి నేరము ఒప్పుకొని శిక్ష తగ్గించుకొను బేరము సర్వసాధారణము. 1963లో ఉత్తర కెరొలైనా రాష్ట్రమున హెన్రీ ఆల్ఫర్డు అనునతడు హత్యానేరముపై కోర్టుకు వచ్చి, తాను చంపలేదని చెప్పుచునే, ఒప్పుకొననిచో విషవాయువుతో చంపుదురను భయముచేత రెండవ తరగతి హత్యను ఒప్పుకొని 30 ఏండ్ల శిక్ష పొందెను. అట్టి ఒప్పుకోలు చెల్లునని ఆ దేశపు సుప్రీము కోర్టు 1970లో తీర్పు చెప్పినది. చారుదత్తుడు అక్కడ పుట్టియున్నచో ఆయన ప్లీడరు ఏమి సలహా చెప్పియుండునో ఊహింపవచ్చును. మన దేశమునను 2006 నుండి ఇట్టి బేరమునకు చట్టములో చోటు కల్పించిరి గాని, ఏడేండ్లకు మించిన శిక్ష పడదగిన నేరములకు అది వర్తింపదు. కావున మన హత్యకేసులో విచారణ నడుమ మాట మార్చువానికి చట్టము ఇచ్చు లాభమేమియు లేదు. అయినను మార్చువారు కలరు. కనుక వారి కారణము చట్టమునకు బయట నుండవలెను.

లోకమంతయు చూచిన ఉదాహరణ ముంబాయిది. 2008 నవంబరు 26 నాటి దాడులలో పట్టుబడిన అజ్మల్ కసబ్ 2009 మే 6న ఆరోపణలన్నిటిని నిరాకరించెను. జూలై 20న సాక్షుల విచారణ సాగుచుండగా లేచి నేరము ఒప్పుకొందునని చెప్పి అందరిని ఆశ్చర్యపరచెను. తాను తన దేశపు పౌరుడేనని పాకిస్తాను అంగీకరించినందున ఇట్లు చేయుచున్నానని కారణము చెప్పెను. ప్రత్యేక న్యాయమూర్తి తహలియానీగారు తొందరపడలేదు. ఆరోపణలన్నిటిని అతడు ఒప్పుకొనలేదని గమనించి, ఆ వాజ్మూలమును దాఖలు చేసికొని విచారణను కొనసాగించిరి. డిసెంబరు 18న అదే ముద్దాయి, తనకేమియు తెలియదని, పోలీసులే తనను ఇరికించిరని మరల మాట మార్చెను. ఆ పాటికి సాక్ష్యమంతయు వ్రాతలో నున్నది గనుక ఈ మార్పులవలన ఏమియు చెడలేదు. 2010 మే 3న దోషియని తీర్పు, మే 6న మరణశిక్ష. 2012 నవంబరు 21న పుణెలోని యెరవాడ జైలులో ఉరి. దోషియైనవాడు కూడ ఒకే విచారణలో మూడు విధముల మాటలాడునని దీనివలన తెలియుచున్నది. ఒప్పుకోలును నమ్మి విచారణ ఆపివేసియున్నచో డిసెంబరులో ఎంత చిక్కు వచ్చియుండునో పాఠకులే యోచింపవచ్చును.

ఇక మా అనుభవమొకటి. ఇరువది యేండ్ల క్రిందటి మాట. కోలారు సరిహద్దు పల్లెనుండి తాపీపనికి బెంగుళూరు వచ్చి స్థిరపడిన ముసలివాడొకడు అల్లుని చంపిన కేసులో ముద్దాయిగా వచ్చెను. ఛార్జి చదివిననాడు లేదని తల ఊపెను. నలుగురు సాక్షులు చెప్పి పోయిరి. ఐదవ సాక్షి అతని కూతురు. చూచినది ఆమె ఒక్కతియే. చచ్చినవాడు భర్త, బోనులోనివాడు తండ్రి. ఆమె పేరు పిలువగానే ముసలివాడు లేచి, చేతులు జోడించి, “తప్పయిపోయింది సామీ. నన్నేమైనా చేసుకోండి. ఆ బిడ్డను మాత్రం ఆడ నిలబెట్టొద్దు” అనెను.

జడ్జిగారికి తెలుగు రాదు. మమ్ము చూచిరి. మేము కన్నడమున, తప్పు ఒప్పుకొన్నాడని చెప్పి, చెప్పినదే వ్రాయబోతిమి. ఇక్కడ మా పొరపాటును దాచుకొనము. మన ఇండ్లలో తప్పయిపోయింది అను మాటను ఎన్ని విధముల వాడుదుమో మీకు తెలియును. పాలు పొంగినను తప్పయిపోయినదే; పెద్దలకు కోపము వచ్చినను, మన దోషము లేకున్నను, కోపము చల్లారుటకు తప్పయిపోయినదే. కన్నడిగులకును తప్పాయితు అను మాట అట్లే. అది క్షమాపణ, ప్రార్థన, లొంగుబాటు, నేరాంగీకారము కానక్కరలేదు. పల్లెటూరివాడు అధికారి యెదుట నిలిచినపుడు అతని నోట మొదట వచ్చునది ఆ మాటయే. జడ్జిగారు అతని చేతులను, కూతురి ముఖమును చూచి, మా వైపు తిరిగి, అతడు అన్న మాటలు ఏవో అవే వ్రాయుము, నీ అర్థము వ్రాయకుము అని మందలించిరి. మేము సిగ్గుపడి కొట్టివేసి, తెలుగు మాటలను కన్నడ లిపిలో ఉన్నవి ఉన్నట్లు వ్రాసి క్రింద అనువాదము చేర్చితిమి.

తరువాత జడ్జిగారు, ఇన్నాళ్లు లేదని చెప్పి నేడు ఏల ఇట్లనుచున్నావని మాచేత అడిగించిరి. “పెద్దాయనా, దొరగారు కారణం అడుగుతున్నారు, భయపడకుండా చెప్పు” అంటిమి. ముసలివాడు చాలసేపు నేల చూచి, అది ఏది చెప్పినా దాని బ్రతుకు పోతుంది సామీ అనెను. ఆ మాటను గూర్చి మేము ఆ రాత్రి నిద్ర లేక ఆలోచించితిమి. ఆమె తండ్రికి వ్యతిరేకముగా చెప్పిన పుట్టింటికి పనికిరాదు. అనుకూలముగా చెప్పిన అత్తింటివారు, పిల్లలు దూరమగుదురు. ఆమె నోరు తెరువకుండుటకు అతడు తన తలను ఇచ్చుచున్నాడు. జడ్జిగారు దానిని అంగీకరింపలేదు. ప్లీడరుతో మాటలాడుటకు గడువిచ్చి, మరుసటి వాయిదాకు కూతురి సాక్ష్యమునే తీసికొనిరి. ఆమె చెప్పినది చాల తక్కువ. మగడు జుట్టు పట్టి గోడకు కొట్టుచుండగా తండ్రి పార కర్రతో ఒక్క దెబ్బ కొట్టెనని, కొట్టి కర్ర పారవేసి నీళ్లు తెచ్చెనని చెప్పినది. నీళ్ల సంగతి అంతవరకు ఏ కాగితములోను లేదు. తుదకు హత్య కాదని, 304వ సెక్షను క్రింది నేరమని తీర్పు వచ్చెను. ముసలివాని ఒప్పుకోలును ఆనాడే తీసికొనియున్నచో, యావజ్జీవము కంటె తక్కువ శిక్షకు చట్టములో దారి లేకపోయెడిది. మా కలము కూడ ఆ దారిని మూయుటకు సిద్ధపడియుండెనని తలచుకొన్నపుడు ఇప్పటికిని చేయి వణకును.

మరల నాటకమునకు వచ్చెదము. చారుదత్తుడు సగము మాట అని ఊరకుండగానే అక్కడ లేచి అడ్డుపడినది ఎవరు? చచ్చినదనుకొన్న వసంతసేన తల్లి. కూతురు పోయినను ఈతడు బ్రతుకవలెనని, ఫిర్యాదికి నిజమైన హక్కుదారును తానేననియు, కావున విడిచిపెట్టుడనియు ఆమె ప్రార్థించును. దొంగలెత్తుకొనిపోయిన నగలకు బదులు తన ఇంటి రత్నమాలను పంపినవాడు నగలకై చంపునా అని ఆమెకు తెలియును. సాక్ష్యము చదువుట వచ్చినది ఆ సభలో ఆమె కొక్కతెకే. శకారుడు ఆమెను గెంటించును. న్యాయాధికారి మనుధర్మము ప్రకారము బ్రాహ్మణుని చంపరాదని, దేశమునుండి వెడలగొట్టవచ్చునని రాజునకు తెలుపగా, పాలకరాజు దానిని త్రోసివేసి శూలమే విధించును. మన ప్రదర్శనమున తల్లి పాత్ర కూడ లేదు. రెండు గంటలలో అన్నియు పట్టవని మేమెరుగుదుము. కాని మొదటి అంకములోని నృత్యమునకు పావుగంట దొరికినది గదా.

పదవ అంకమున మరియొక విశేషము కలదు. చండాలురు చారుదత్తుని వీధులవెంట నడిపించుచుండగా పౌరులు నమ్మరు. శకారునికి అది సహింపరానిదగును. శిక్ష పడినది చాలదు, ఆ మనిషి నోటనే ఆ మాట రావలెను. చెప్పనిచో కొట్టుడని చండాలురకు చెప్పును. అప్పుడును చారుదత్తుడు అదే సగము వాక్యమును చెప్పి ఆగును. అప్పుడును క్రియాపదమును శకారుడే పూరించును. దొంగసాక్ష్యము తెచ్చినవానికి ముద్దాయి ఒప్పుకోలు మీద ఎంత ఆకలియో శూద్రకుడు ఎరుగును. తన కాలితో తుడిచిన వ్రాత తన మనస్సులో చెరగదు. దానిపై మరియొకని వ్రాత పడినగాని వానికి నిద్ర లేదు. ఇంతలో భిక్షువు వెంట వసంతసేన ప్రాణములతో వచ్చి నిలుచుట, ఆర్యకుడు రాజగుట, చారుదత్తుడు శకారుని క్షమించి విడుచుట మీరెరిగినవే.

మన ప్రేక్షకునకు విచారణ ఘట్టముల మీద ఓపిక తక్కువ. బలిజేపల్లివారి హరిశ్చంద్ర నాటకమున కాటిసీను పద్యములకై తెల్లవారుజాము దాక కాచుకొనును గాని, బిడ్డను చంపినదను అపనిందతో చంద్రమతి వధ్యస్థానమునకు ఎట్లు వచ్చినదని అడుగడు. దర్శకులను మాత్రము నిందించి లాభము లేదు.

ప్రదర్శనము ముగిసిన పిమ్మట మేము తెరవెనుకకు పోయి ఆ యువ దర్శకునితో ఈ సంగతులు కొన్ని చెప్పితిమి. అతడు ఓపికతో విని, “సగం మాట దగ్గర ఆపితే జనానికి అర్థం కాదేమో, బాబాయిగారూ” అనెను. అర్థము కాక ఒక నిమిషము నిశ్శబ్దముగా కూర్చున్ననేమి అని మేమంటిమి. అతడు నవ్వి, వచ్చే ఉగాదికి తొమ్మిదవ అంకమును మాత్రము పూర్తిగా వేయుదుమని, తల్లిని, కాయస్థుని తిరిగి చేర్చుదుమని మాట యిచ్చెను. తరువాత వారము ఫోను చేసి, కాయస్థునికి మాటలు నాలుగైదే గనుక ఆ వేషము మమ్మే వేయుమని అడిగెను. జ్ఞాపకశక్తి చాలదేమోనంటిమి. వ్రాయుటయే గదా, మీకు కొత్తయా అనెను. కలము మాది మేమే తెచ్చుకొందుమని ఒప్పుకొంటిమి.